బక్రీద్ లోడ్ల విషయం: మటన్ వ్యాపారుల సంఘంతో కూర్చోవాలా, గోరక్షణ వాళ్లతో హైవే ఎక్కాలా?

మెహదీపట్నం_జీవదయ (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది నగరంలో చిన్న జంతు హక్కుల బృందం. ఎక్కువమంది వీగన్లు (పాలు, గుడ్లు కూడా ముట్టనివాళ్లు), కొందరు శాకాహారులు, ఒకరిద్దరు ఇంకా మాంసం మానలేదు. ఈసారి బక్రీద్ మే నెలాఖరులో, ఎండలు మండే రోజుల్లో పడుతోంది. జియాగూడ మండీకి మహారాష్ట్ర నుంచి, కర్ణాటక నుంచి, మన జిల్లాల నుంచి వచ్చే గొర్రెలు, మేకల లోడ్ల మీద ఏదైనా చేద్దామనుకుంటున్నాం. డీసీఎంలో మధ్యలో చెక్కలేసి రెండు అంతస్తులు చేస్తున్నారు, పైన టార్పాలిన్ కప్పుతున్నారు, దిగేసరికి కొన్ని చచ్చిపోయి ఉంటున్నాయి.

రెండు వైపుల నుంచి కబురొచ్చింది. ఒకటి మటన్ వ్యాపారుల సంఘం నుంచి: లోడింగ్, నీళ్లు, నీడ గురించి మాట్లాడుకుందాం రండి అన్నారు. రెండోది ఒక గోరక్షణ బృందం నుంచి: బండ్లు, మనుషులు మేమిస్తాం, రాత్రిళ్లు హైవే మీద లోడ్లు ఆపుదాం అన్నారు.

మాలో మాకు పడటం లేదు. కోసేవాళ్లతో కూర్చుంటే ఇక మనమెందుకని కొందరు. గొర్రె మీద ప్రేమతో కాదు, వేరే లెక్కతో హైవే ఎక్కేవాళ్లతో మనకేం పని అని ఇంకొందరు. ఇద్దరితోనూ మా అభిప్రాయాలు కలవవు. అయినా ఎవరితో ఎంతవరకు నడవొచ్చు? కాగితం మీద ఏం రాసుకోవాలి? ఎక్కడ బెడిసికొడుతుంది? ఉపన్యాసాలు వద్దు, పనికొచ్చే మాట చెప్పండి.

---

సెక్షన్_పదకొండు

ముందు హైవే సంగతి తేల్చేద్దాం. అందులో ఒకసారి దిగితే మళ్లీ మండీ గుమ్మం తొక్కలేరు.

జీవాలను బాధ కలిగేలా కుక్కి తీసుకెళ్లడం జంతుహింస నివారణ చట్టం, 1960లో సెక్షన్ 11(1)(డి) కింద నేరమే. మరి జరిమానా? మొదటిసారి 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. పైగా సెక్షన్ 31లో కాగ్నిజబుల్ అని చెప్పిన క్లాజుల్లో ఇది లేదు, అంటే వారెంటు లేకుండా పోలీసు అరెస్టు చేయలేడు. స్టేషన్‌లో మీ ఫిర్యాదును పక్కన పెట్టేస్తే ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు, చట్టమే అంత బలహీనంగా ఉంది.

ఓవర్‌లోడ్ కేసు పెట్టిద్దామంటారేమో. 30 కిలోల గొర్రెలు 100 ఎక్కిస్తే 3 టన్నులు. నాలుగున్నర టన్నులు మోసే బండికి అది ఓవర్‌లోడే కాదు, వేబ్రిడ్జి మీద దర్జాగా పాసవుతుంది. దీన్ని బరువుతో పట్టుకోలేం, చోటుతో పట్టుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 125-ఈ ప్రకారం గొర్రెకైనా మేకకైనా తలకు 0.3 చదరపు మీటర్లు ఉండాలి. 17 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు ఉన్న డీసీఎం పలక సుమారు పది చదరపు మీటర్లు, అంటే 34 జీవాలు. 1978 జంతు రవాణా నిబంధనలేమో 4.5–5 టన్నుల బండికి 40 మించొద్దంటాయి. పశువైద్యుడి సర్టిఫికెట్, ప్రథమ చికిత్స సామాను, దారికి సరిపడా మేత, నీళ్లు కూడా అందులోనివే. ఎవరితో కూర్చున్నా ఈ అంకెలు నోటికి రావాలి.

ఇక ప్రైవేటు మనుషులు రోడ్డు మీద బండి ఆపడం. ఆ అధికారం ఎవరికీ లేదు. తెహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు 2018 జులై 17న ఇచ్చిన తీర్పు గోరక్షణ పేరుతో మూకలు చేసే దాడుల మీదే. జిల్లాకో నోడల్ అధికారిని, అదీ ఎస్పీ హోదాకు తగ్గకుండా, పెట్టమంది. ఆపిన చోట ఎవరైనా డ్రైవర్ మీద చెయ్యి చేసుకుంటే మీ టీషర్టు కూడా వీడియోలో ఉంటుంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా లెక్క మీకే ఎదురు తిరుగుతుంది. ఆపుతారన్న భయం ఉన్న రూట్లో డ్రైవర్ ఏం చేస్తాడు? లోడు కనబడకుండా టార్పాలిన్ నాలుగువైపులా దించేస్తాడు. నీళ్లకి ఆగడు. చుట్టుదారి పడతాడు. నాలుగు ట్రిప్పుల సరుకు రెండు ట్రిప్పుల్లో లాగేస్తాడు. మీరు అడ్డుకోవాలనుకున్న కష్టం మొత్తం రెట్టింపవుతుంది.

అలాగని గోశాలలతో అసలు మాటే వద్దనను. కోర్టు ఉత్తర్వుతో పట్టుబడిన జీవాలను కేసు తేలేదాకా ఎక్కడో ఉంచాలి, 2017లో వచ్చిన కేస్ ప్రాపర్టీ జంతువుల నిబంధనలు దాని కోసమే. అంతవరకు వాళ్లతో పని పెట్టుకోవచ్చు. గొర్రెలు, మేకలను తీసుకుంటారా లేదా అన్నది మాత్రం ముందే రాతపూర్వకంగా అడగండి. ఆవులు తప్ప మిగతావి వద్దనే చోట్లు ఉంటాయి. అర్ధరాత్రి 60 మేకలతో గేటు ముందు నిలబడాల్సి రాకూడదు.

---

జియాగూడ_బేపారి

అన్నా, సంఘంతోని కూసునుడు మంచిదే గని, సంఘం సంతకం పెట్టంగనే బండిల జీవాలు తగ్గయి. నష్టం ఎవలి మీద పడ్తదో ముందుగాల అది చూడుండ్రి.

దలారికి జీవానికి ఇంత అని కమీషన్. దార్ల సచ్చినా, బరువు తగ్గినా ఆయనకు పోయేదేం లేదు, మళ్ల లోడు తెప్పిస్తడు. డ్రైవర్‌కి కొన్ని రూట్లల్ల బండి కిరాయి, కొన్ని రూట్లల్ల తలకింత. తలకింత ఉన్నకాడ ఇంకో పది ఎక్కించమంటే ఎందుకు కాదంటడు? సచ్చిన జీవం, తరుగు, కాలు ఇరిగినయి, గిదంత లోడు కొన్న బేపారి నెత్తిన. గందుకే మీ మాట ముందు ఇనేది బేపారే. సంఘం పెద్దమనిషి ఫొటో దిగుతడు గని ఆయన లోడ్లు ఎన్నున్నయో అడుగుండ్రి, ఒక్కటి గూడ లేకపోవచ్చు.

ఒక్కటే అడుగుండ్రి: తలకింత కిరాయి బంద్ చేసి బండికింత చెయ్యమని. గది ఒప్పుకుంటే సగం పని అయినట్టే. బేపారికి కిరాయి జర్ర ఎక్కువ పడ్తది, మరి సావులు తగ్గితే ఎంత మిగుల్తదో లెక్క చూపెట్టాలె. పండుగ ముందటి వారం మాత్రం ఎవ్వరు ఇనరు. ధర చేతిలుంటది, బండ్లు దొరకయి. మాట్లాడుడు, రాసుకునుడు అంత నెల ముందుగాల్నే కావాలె.

ఇంకో ముచ్చట. మా మటన్ లైన్‌ల హిందువులైన ఆరెకటికలు మస్తుగున్నరు, ముస్లింలైన ఖురేషీలు ఉన్నరు. మీరు ఒక్క పండుగకే కనిపిస్తే ఎవలి తరఫున వచ్చిండ్రో అని అందరు గుసగుస పెడ్తరు. బక్రీద్‌కు వచ్చినోళ్లు ఆషాఢం బోనాలకు గూడ రావాలె. అప్పుడు గూడ యాటల లోడ్లు గిట్లనే దిగుతయి.

---

రాజేంద్రనగర్_వెట్

బేపారి అన్న చెప్పిన కిరాయి మాట బంగారం. వైద్యం వైపు నుంచి కొంచెం కలుపుతాను.

తరుగు గురించి మాట్లాడేటప్పుడు అంకెలు పెంచి చెప్పకండి. ప్రయాణంలో మొదట తగ్గేది పేగుల్లోని మేత, పెంట, మూత్రం. అది మాంసం నష్టం కాదని మండీలో చిన్నపిల్లాడికీ తెలుసు. నీళ్లు లేకుండా గంటలకొద్దీ ఎండలో నిలబడ్డాకే కండలో నీరు తగ్గడం మొదలవుతుంది. అక్కడి నుంచే బేపారికి నిజంగా పోతుంది. 30 కిలోల పొట్టేలుకు 5 శాతం తగ్గితే కిలోన్నర, 100 జీవాల లోడుకు 150 కిలోలు. అందులో ఎంత మళ్లీ నీళ్లు తాగితే వచ్చేది, ఎంత రానిది అని విడదీసి చెప్పగలిగితేనే మీ మాటకు విలువ.

ఇంకో నష్టం కోశాక బయటపడుతుంది. బెదిరి, అలిసిపోయిన జీవం కండలో నిల్వ ఉండే శక్తి, అంటే గ్లైకోజెన్, అయిపోతుంది. కోశాక మాంసం ఆమ్లతను కొలిచే పీహెచ్ మామూలుగా 5.5–5.8కి దిగాలి. అలిసినదానిలో 6 దాటి ఆగిపోతుంది. మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, తొందరగా వాసనొస్తుంది. కొట్టు మీద కొనేవాడు ముసలి జీవమనుకుని వదిలేస్తాడు.

ఎక్కించేటప్పుడు బండి వెనక పలక దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. డెక్కనీ గొర్రె అయితే ఉన్ని పట్టి, నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు కాబట్టి చెవి, వెనక కాలు పట్టి పైకి విసురుతారు. బతికున్నప్పుడు ఏమీ కనబడదు. తోలు తీశాక వీపు మీద, తొడ మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ బయటపడుతుంది. ఆ ముక్క కోసి పారేయాల్సిందే. సరైన పద్ధతికి డబ్బేమీ ఖర్చు కాదు: ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి వెనక తొడ దగ్గర పెట్టి నడిపించడం.

ర్యాంపుకు డబ్బు కావాలి, అది పంచుకోండి. వాలు 20 డిగ్రీలు మించకూడదు. బండి పలక నేల నుంచి మూడున్నర అడుగులుంటే ర్యాంపు పొడవు కనీసం పదిన్నర అడుగులు. ఆరడుగులతో సరిపెడతారు, అప్పుడు గొర్రె మధ్యలో మొరాయిస్తుంది, వెంటనే కర్ర లేస్తుంది. జానెడుకొక అడ్డపట్టీ కొట్టించండి, లేకపోతే గిట్ట జారుతుంది. రెండు పక్కలా సందుల్లేని రేకు ఉండాలి, బయటి మనుషులు కనబడితే జీవం వెనక్కి తిరుగుతుంది. బండి లోపల చీకటిగా ఉంటే ఎక్కదు, లోపల ఒక బల్బు పెట్టండి. మచ్చికైన మేకను ముందు ఎక్కిస్తే మిగతా మంద దాని వెనకే వెళ్తుంది. హమాలీకి పని తగ్గుతుంది కాబట్టి ఈ మార్పుకి మొదట వాళ్లే ఒప్పుకుంటారు.

ఎండలో నడిచే బండి కన్నా ఆగిన బండి ప్రమాదం. కదులుతున్నంతసేపు గాలి ఆడుతుంది, టోల్ దగ్గరో టీ దగ్గరో అరగంట ఆగితే లోపలి జీవాల వేడే వాటిని చంపుతుంది. కింది అంతస్తులోవి ముందు పోతాయి: గాలి ఉండదు, పై నుంచి మూత్రం పడుతుంది, తడిసిన చెక్క మీద జారి పడినది మళ్లీ లేవలేదు. అందుకే రెండో అంతస్తు తీసేయమన్నది మీ మొదటి కోరిక కావాలి. అది ఒప్పుకోకపోతే కనీసం పై టార్పాలిన్ నీడకే ఉంచి, పక్కలు వదిలేయమనండి.

మీరూ, వ్యాపారులూ కలిసి జీహెచ్‌ఎంసీ దగ్గరికి పట్టుకెళ్లదగ్గ డిమాండ్ కూడా ఒకటుంది. 2001 కబేళా నిబంధనల ప్రకారం పరీక్ష అయ్యాక, కోసే ముందు జీవానికి 24 గంటల విశ్రాంతి ఇవ్వాలి, ఒక డాక్టరు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడకూడదు. చూడివాటిని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదు. పండుగ రద్దీలో ఆ 96 లెక్క ఎవరు పాటిస్తారో మీరే ఊహించుకోండి. ఎక్కువమంది డాక్టర్లు కావాలని వ్యాపారులూ అడుగుతారు, ముద్ర త్వరగా పడుతుందని. మీరూ అడుగుతారు, పరీక్ష నిజంగా జరుగుతుందని. అర్జీ ఒక్కటే చాలు. చూడి గొర్రెల విషయంలో గొల్లకురుమల సొసైటీలు కూడా మీతో వస్తాయి, చూడి గొర్రె కబేళాకు పోతే మంద తరిగేది వాళ్లకే. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటిది, సుమారు 190 లక్షలు. ఆ సొసైటీల మాట సచివాలయంలో మీ మాట కన్నా గట్టిగా వినబడుతుంది.

---

మొక్కల_పళ్లెం

అందరూ బాగానే చెప్తున్నారు గానీ అసలు మాట ఎవరూ అనడం లేదు. నల్ల మచ్చలు తగ్గితే, తరుగు తగ్గితే లాభం ఎవరికి? వ్యాపారికి. అతని ఖర్చు తగ్గించడానికి హక్కుల బృందం ర్యాంపు కొట్టిస్తుందా? రేపు దుకాణం ముందు "జీవదయ సంస్థ ఆమోదించిన మటన్" అని ఫ్లెక్సీ కడతారు. తినడం మానేద్దామా అని ఆలోచనలో ఉన్న మనిషి అది చూసి హాయిగా అరకిలో కట్టించుకుని పోతాడు. ఆ మనిషిని పోగొట్టుకున్నది మీరే.

ఇంకోటి. బృందంలో ఒప్పుకోనివాళ్లను బుజ్జగించి మండీకి తీసుకెళ్లకండి. కబేళా వాసన మధ్య వ్యాపారితో టీ తాగమనడం అందరివల్లా కాదు.

---

చెంగిచర్ల_రోడ్

మొక్కల_పళ్లెం గారూ, వ్యాపారికి లాభమన్న మాట నిజమే, దాన్ని కాదనే వాదన నా దగ్గర లేదు. మే ఎండలో కింది అంతస్తులో ఉన్న జీవానికి మాత్రం ఆ లాభం ఎవరి జేబులో పడిందన్నది అనవసరం. ఫ్లెక్సీ భయం సరైనదే, దాన్ని కాగితంలోనే ఆపొచ్చు. చివర్లో చెప్తాను.

ఇలాంటి పొత్తులు కొత్తేం కాదు. అమెరికాలో హెన్రీ స్పైరా అనే కార్యకర్త సౌందర్య సాధనాల పరీక్షల్లో కుందేళ్ల కళ్లలో రసాయనాలు వేయడం మీద రెవ్లాన్ కంపెనీని పట్టుకున్నాడు. మొదట మాట్లాడుకుందామన్నాడు. వాళ్లు సాగదీశాక పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేయించాడు. 1980 చివరికి రెవ్లాన్ ప్రత్యామ్నాయ పరీక్షల పరిశోధనకు రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయానికి ఏడున్నర లక్షల డాలర్లు ఇస్తామంది. అక్కడ గమనించాల్సింది: అతను అడిగింది ఒకే పరీక్ష గురించి, కంపెనీ మూసేయమని కాదు. మాట తప్పితే ఏం చేస్తాడో వాళ్లకు ముందే తెలుసు.

బెడిసికొట్టినదీ ఉంది. 2011లో అమెరికా గుడ్ల ఉత్పత్తిదారుల సంఘం, అక్కడి హ్యూమేన్ సొసైటీ కలిసి కోళ్ల బోనుల మీద దేశమంతటికీ ఒకే చట్టం అడిగాయి. ఏళ్ల తరబడి కొట్టుకున్నవాళ్లు ఒకే బల్ల మీదికొచ్చారు. అయినా చట్టం రాలేదు. అడ్డుపడింది గుడ్లవాళ్లు కాదు, గొడ్డు మాంసం, పంది మాంసం సంఘాలు: ఈరోజు కోడికి ఒప్పుకుంటే రేపు మా మీదికొస్తారని. కొన్ని జంతు సంఘాలు కూడా, బోను ఉంటే చాలన్నట్టు చట్టంలో రాస్తారా అని ఎదురు తిరిగాయి. అందుకే సంఘంతో సంతకానికి ముందు వాళ్ల పక్కవాళ్లెవరో చూసుకోండి. ఇక్కడైతే లారీ ఓనర్లు, దలారులు, పొరుగు రాష్ట్రాల సంతల్లో లోడు ఎక్కించేవాళ్లు. వాళ్లు గదిలో లేకుండా రాసిన కాగితం జహీరాబాద్ దాటదు.

మన ఊళ్లోనే ఇంకో ఉదాహరణ. జంతువుల కోసం పనిచేసే హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ ఇండియా విభాగం 2018లో సీసీఎంబీతో (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) చేయి కలిపింది, ప్రయోగశాలలో కణాల నుంచి మాంసం పెంచే పని కోసం. 2019లో దానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం నిధులిచ్చింది. సీసీఎంబీకి అందులో జోడీ ఎవరో తెలుసా? చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రం. మాంసం వ్యాపారం పెరగడానికి పెట్టిన సంస్థ! కండ కణాల గురించి తెలిసింది వాళ్లకే కాబట్టి జంతువుల తరఫువాళ్లు వాళ్లున్న గదిలోకే వెళ్లారు.

ఇక కాగితం. ఒక్క పేజీ దాటనివ్వకండి. విషయం ఎక్కించడం, ప్రయాణం, దించడం మాత్రమే. "జంతు సంక్షేమానికి కట్టుబడి" లాంటి వాక్యాలు ఒక్కటి కూడా వద్దు, వాటిని అమలు చేయించలేరు. గడువు బోనాలు అయ్యేదాకా, తర్వాత ఇద్దరూ ఒప్పుకుంటేనే పొడిగింపు. ఎవరి పేరు, లోగో, ఫొటో ఇంకొకరు బోర్డు మీద గానీ ప్రకటనలో గానీ వాడకూడదు, వాడితే ఆరోజుతో ఒప్పందం రద్దు. ఫ్లెక్సీకి మందు ఇదే. డబ్బు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారకూడదు. ర్యాంపుకు ఇద్దరూ వెల్డింగ్ షాపుకే నేరుగా కట్టండి, రశీదు ఇద్దరి పేర్ల మీద. విరాళం తీసుకున్న మర్నాటి నుంచి మీ నోరు పెగలదు. మాంసం మీద మీ అభిప్రాయం మీరు, వ్యాపారం మీద వాళ్ల అభిప్రాయం వాళ్లు ఎక్కడైనా చెప్పుకోవచ్చని స్పష్టంగా రాయండి. ఉల్లంఘన కనబడితే ముందు సంఘానికి రాతపూర్వకంగా చెప్పి 48 గంటలు ఆగాలి, ఆ తర్వాత బయటపెట్టొచ్చు. ఈ 48 గంటల మాట దగ్గర వాళ్లు "బయటికి చెప్పకూడదు" అని మార్పించడానికి చూస్తారు. అక్కడ తగ్గొద్దు, తగ్గాల్సి వస్తే లేచి వచ్చేయండి. కళ్ల ముందు జరుగుతున్న హింసకు, అంటే బతికున్నదాన్ని విసిరేయడం, విరిగిన కాలుతో ఈడ్చడం లాంటివాటికి, ఆ గడువు వర్తించదని కూడా చేర్చండి. జిల్లా జంతుహింస నివారణ సంఘానికి (ఎస్‌పీసీఏ) ఒక కాపీ ఇవ్వండి.

తెలుగు, ఉర్దూ, హిందీ మూడింట్లోనూ డ్రైవర్ కోసం వేరే చీటీ ఉండాలి. ఒప్పందం చదివేది పెద్దలు, బండి నడిపేది వాళ్లు కాదు.

ఇష్టం లేనివాళ్లను లాక్కెళ్లొద్దన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మండీకి ఇద్దరో ముగ్గురో చాలు, అదీ మాట తూచి మాట్లాడేవాళ్లు. మిగతావాళ్లు వాళ్ల వీగన్ ప్రచారం యథావిధిగా చేసుకోవచ్చు, సంఘం వాళ్లకు అది ముందే తెలియాలి.

---

మెహదీపట్నం_జీవదయ

అందరికీ థాంక్స్. గోరక్షణ బృందానికి హైవే కుదరదని చెప్పేస్తున్నాం, గోశాలలో చోటు మాత్రం రాతపూర్వకంగా అడుగుతాం. ఒక్క సందేహం. ఒప్పందం అమలవుతోందో లేదో దించే చోట రాసుకోవాలి కదా. ఆ రిజిస్టర్ ఎవరి దగ్గరుండాలి? ఏమేం రాయాలి?

---

రాజేంద్రనగర్_వెట్

రిజిస్టర్ ఇద్దరి దగ్గరా ఉండాలి. కార్బన్ పేపర్ పెట్టిన పుస్తకం కొనండి, పై కాపీ సంఘానికి, కిందిది మీకు. ఫోన్ తీస్తే హమాలీలు జరిగిపోతారు, పెన్ను తీస్తే ఎవరూ పట్టించుకోరు.

ఒక్కో బండికి ఒక్కో వరుస: ఎక్కిన ఊరు, ఎక్కించిన గంట, దించడం మొదలుపెట్టిన గంట, ఎన్ని జీవాలు, ఒక అంతస్తా రెండా, నీళ్లకి ఆగిన చోటు. తర్వాత మూడు లెక్కలు విడివిడిగా: నోరు తెరిచి రొప్పుతున్నవి, పడిపోయి లేవలేనివి, చచ్చినవి. ఈ మూడింటినీ కలిపి "బాలేనివి" అని రాయకండి. రొప్పేవి ఎక్కువైతే తప్పు గాలిది, పడిపోయినవి ఎక్కువైతే నేలది లేదా కుక్కడానిది. చచ్చినది కింది అంతస్తులోదా పై అంతస్తులోదా అని తప్పకుండా రాయండి, రెండో అంతస్తు తీయించే వాదన అంతా దాని మీదే నిలబడుతుంది. బండి కిరాయి తలకింతా, బండికింతా అన్నది చివరి గడిలో బేపారి చేతనే రాయించండి.